గుంటూరు డాక్టరు సిస్టరు మేరీ గ్లౌరీ

జహీరాబాదు నుంచి బొంబాయి రహదారి మీద తూర్పుగా వెళితే సుమారు వంద కిలోమీటర్లకు హైదరాబాదు, దాన్ని ఆనుకొని సికింద్రాబాదు వస్తాయి. భారత కతోలిక ఆరోగ్య సంఘం కార్యాలయం ఉన్నది ఆ సికింద్రాబాదులోనే. దేశమంతటా కన్యస్త్రీల సభలూ, మేత్రాసనాలూ నడిపే ఆసుపత్రులు, డిస్పెన్సరీలు 3,000కు పైగా అందులో సభ్యులు. ఈ సంఘానికి పునాది వేసినది ఒక మఠకన్య. పుట్టింది ఆస్ట్రేలియాలో, పనిచేసింది గుంటూరులో. మన విచారణల నుంచి ఎందరో ఆడపిల్లలు నర్సింగు చదువుకు వెళ్తున్నారు. వారిని పంపే తల్లిదండ్రులకు ఈమె కథ తెలిసి ఉంటే మంచిది.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగుర్రా అనే ఊళ్లో ఐరిష్ వంశపు కతోలిక కుటుంబంలో జన్మించారు. తొమ్మిదిమంది బిడ్డలలో మూడవ సంతానం. చదువులో చురుకైన పిల్ల కనుక స్కాలర్‌షిప్పుల మీదనే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం దాకా వెళ్లారు. 1910లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. ఆడవారిని హౌస్ డాక్టర్లుగా తీసుకోవడానికి ఆసుపత్రులు జంకే రోజులవి. సముద్రం దాటి న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేసి, తిరిగివచ్చి మెల్‌బోర్న్‌లో కంటి వైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. స్కాట్లండు దేశపు డాక్టరు ఆగ్నెస్ మెక్‌లారెన్ జీవితం అది. ఘోషాలో ఉండే స్త్రీలు మగ డాక్టరు చేయి తాకనీయక, ఆడ డాక్టరు దొరకక, కాన్పులలో చనిపోతున్నారని, పసిబిడ్డలు కూడా పోతున్నారని అందులో చదివారు. ఇండియాకు వెళ్లాలని అప్పుడే నిశ్చయించుకున్నారు.

నిశ్చయించుకున్న మరుసటి నెలలో ఓడ ఎక్కలేదు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. నాలుగేళ్లకు పైగా ఆగారు. ఆ కాలంలోనే స్త్రీ వ్యాధులు, ప్రసూతి, కంటి వైద్యం పైచదువులు చదివి 1919లో ఎం.డి. పట్టా సంపాదించారు. తరువాతనే, 1920 జనవరిలో బయలుదేరి, ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. సేవ చేయడానికి ప్రేమ ఉంటే చాలు, పట్టాలెందుకు అనే మాట మన మధ్య అప్పుడప్పుడు వినిపిస్తుంది. చేతకాని ప్రేమ రోగిని బతికించదు. అది మేరీ గ్లౌరీకి బాగా తెలుసు.

గుంటూరులో ఆమె చేరినది హాలండు నుంచి వచ్చిన యేసు మరియ జోజప్ప సభలో. మన వాళ్లు జె.ఎం.జె. సిస్టర్లంటారే, వారే. 1904 నుంచి వారు అక్కడ ఉన్నారు. అయితే ఒక చిక్కు ఉంది. మఠకన్యలు వైద్యవృత్తి చేయకూడదని ఆనాటి శ్రీసభ చట్టం. కాన్పులు చేయడం అసలే కూడదు. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఆ విధంగా యేసు తిరుహృదయ మేరీ అనే మఠనామంతో ఆమె ప్రపంచంలోనే తొలి డాక్టరు సిస్టరు అయ్యారు. మిగిలిన మఠకన్యలకు ప్రసూతి సేవకు రోము నుంచి సాధారణ అనుమతి వచ్చింది 1936లో!

చిన్న డిస్పెన్సరీగా ఉన్నది ఆమె చేతిలో సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. చాలా ఏళ్లు ఆమె ఒక్కరే డాక్టరు. ఎద్దుబండి మీద పల్లెలకు వెళ్లేవారు. ఆ రోజుల్లో పల్లెలో కాన్పు ఎలా జరిగేదో మన అమ్మమ్మలు చెప్పగా విన్నవారు ఉంటారు. మూలగది, పాత గుడ్డలు, బొడ్డు కోయడానికి ఇంట్లోని కొడవలి, దాని మీద అద్దడానికి బూడిద. బాలింతకు జ్వరం వస్తే గాలి సోకిందనేవారు. బిడ్డ ధనుర్వాతంతో బిగుసుకుపోతే గ్రహచారమనేవారు. మంత్రసానిని తిట్టడం సులభం. నిజానికి ఆ తల్లికి ఉన్న దిక్కు ఆమె ఒక్కతే. చేతులు కడుక్కోవాలని, కత్తిని మరిగించాలని ఆమెకు ఎవరైనా నేర్పితే గదా?

డాక్టర్లకు మాత్రం ఇది ముందే తెలుసా అంటే, వారికీ ఆలస్యంగానే తెలిసింది. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన వార్డులో బాలింతలు జ్వరంతో రాలిపోతున్నారు. కారణం అంతుపట్టలేదు. అదే ఏడు ఆయన మిత్రుడైన ఒక డాక్టరు శవపరీక్ష జరుగుతుండగా వేలికి కత్తి గీసుకొని చనిపోయాడు. అతని శరీరంలో కనబడినవీ బాలింతల శరీరంలో కనబడినవీ ఒకే గుర్తులు. శవాల గది నుంచి డాక్టర్ల చేతుల మీదుగానే విషం వార్డుకు వస్తోందని సెమ్మెల్‌వైస్ గ్రహించి, సున్నపు క్లోరిన్ నీళ్లతో అందరి చేతులూ కడిగించాడు. చావులు తగ్గిపోయాయి. చూశారా, రోగిని చంపినదీ వైద్యుణ్ణి చంపినదీ ఒకటే. ఇద్దరినీ కాపాడేదీ ఒకటే.

గుంటూరు డాక్టరు సిస్టరు కూడా ఒంటరిగా ఎంత మందిని చూడగలరు? అందుకని స్థానిక ఆడపిల్లలను మంత్రసానులుగా, నర్సులుగా, కాంపౌండర్లుగా తయారుచేశారు. నాటు మూలికల గురించి కూడా తెలుసుకొని పనికివచ్చిన వాటిని వాడారు. పెన్సిలిన్ ఇంకా అందుబాటులోకి రాని కాలం. కలరా, టైఫాయిడ్, కుష్ఠు రోగుల మధ్య పనిచేసే అమ్మాయికి తన వేలి మీది చిన్న గీత కూడా ప్రమాదమే. ఆమెకు కవచమంటూ ఉంటే అది నేర్చుకున్న శుభ్రతే.

ఇప్పుడు మందులు పెరిగాయి, ప్రమాదమూ రూపు మార్చుకున్నది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి. సోకవచ్చు. 2018లో కేరళలోని పేరాంబ్రలో నిపా రోగికి సేవచేసిన నర్సు లినీ ఆ జబ్బుతోనే కన్నుమూశారు. 2020లో కరోనా సమయాన ప్రపంచ ఆరోగ్య సంస్థ సెప్టెంబరు 17న జరిపే రోగి భద్రతా దినానికి ఆరోగ్య సిబ్బంది భద్రతనే ముఖ్యాంశంగా తీసుకున్నది. కనుక మీ అమ్మాయి ఉద్యోగంలో చేరేటప్పుడు జీతమెంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించారా? వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని తెల్లడబ్బా వార్డులో ఉందా? సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి? హెచ్.ఐ.వి. నివారణ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. చెబితే తిడతారని దాచిపెట్టే అమ్మాయిలున్నారు. నైట్ డ్యూటీ మీద నైట్ డ్యూటీ వేస్తే కళ్లు మూతలుపడే నర్సు మందు సీసా పేరు తప్పు చదువుతుంది, ఆ తప్పు పడేది మంచం మీది రోగి మీద. ఇక మనవాడు చనిపోయాడని వార్డులో నర్సు మీద చేయి చేసుకోవడం ఉన్నది చూడండి, దానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చేయవలసి వచ్చింది. దివ్యపూజకు వెళ్లే కుటుంబాల వారు కూడా ఆ గుంపులో ఉండరని నేను చెప్పలేను.

మళ్లీ మేరీ గ్లౌరీ దగ్గరికి వద్దాం. దేశంలో కతోలిక ఆసుపత్రులు ఎక్కడికక్కడ, ఎవరి తిప్పలు వారు పడుతున్నాయి. అందరూ ఒక్కటైతే నర్సుల శిక్షణకు, వైద్యనీతికి ఒక స్థాయి ఏర్పడుతుందని ఆమె తలచారు. 1943లో కొద్దిమంది సిస్టర్లతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. మన ఆరోగ్య సంఘం అదే. మన దేశపు యువతీయువకులను డాక్టర్లుగా తీర్చిదిద్దే కతోలిక వైద్యకళాశాల ఒకటి కావాలన్నది ఆమె మరొక కోరిక. దానికోసం ఎంతో శ్రమించారు.

చివరి ఏళ్లలో క్యాన్సరు సోకి, ఇతరుల చేతులలో తానే రోగి అయ్యారు. 1957 మే 5న బెంగుళూరులో పరమపదించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఆమె కోరుకున్న వైద్యకళాశాల ఆమె పోయిన ఆరేళ్లకు, 1963లో, అదే బెంగుళూరులో సెయింట్ జాన్స్ పేరుతో తలుపులు తెరిచింది.