రాజుల్ని పక్కనపెట్టిన చరిత్రకారుడు

జనవరి 26 అనగానే మనకు ఢిల్లీ పరేడ్, కాలేజీలో జెండా, చేతిలో మిఠాయి, ఆ తర్వాత సెలవు. మాది కోడేరు. ఒకవైపు వనపర్తి, ఇంకోవైపు కొల్లాపూర్, కృష్ణ దాటితే గద్వాల. మూడూ ఒకప్పటి సంస్థానాలే. ఆ రాజులందరి మీద నిజాం. రాజ్యం పోయి గణతంత్రం రావడమంటే ఏంటో మా వైపు నుంచి చూడాలంటే నాకు సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితమే దారి.

ఆయన 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. రెండూ ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. మద్రాసులో బి.ఏ. చదివి, న్యాయశాస్త్రం కూడా పూర్తి చేశారు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. అంటే పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చిన మనలాంటి పిల్లల మధ్యే ఉన్నారన్నమాట.

అప్పుడు పాలన అంతా ఉర్దూలో. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అలాంటి రోజుల్లో, 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన రాస్తే, ఆయనతో వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. డేటా ముందు పెడితే వాదన ఎందుకుంటది!

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అందులో యుద్ధాలు, పట్టాభిషేకాలు కాదు ముఖ్యం. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకున్నారు అన్నదే ముఖ్యం. అవన్నీ పాత కావ్యాల్లోంచి ఏరి తెచ్చారు. ఆ పుస్తకం వచ్చింది 1949లో. అదే ఏడాది నవంబరులో నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చారు. రాజ్యాంగం జనం చేతికి అధికారం ఇస్తే, అంతకుముందే సురవరం వాళ్లకు చరిత్రలో చోటిచ్చారు.

కానీ 1950 జనవరి 26న ఇక్కడ అంతా ఒక్కసారిగా మారిపోలేదు. నిజాం రాజప్రముఖ్ అయ్యారు. ముఖ్యమంత్రిగా వచ్చిన వెల్లోడి కూడా ఓట్లతో గెలిచిన మనిషి కాదు, అధికారి. అసలు మార్పు 1952లో వచ్చింది. మొదటి ఎన్నికల్లో, నిన్నమొన్నటిదాకా సంస్థానంగా ఉన్న వనపర్తి నుంచి సురవరం శాసనసభకు ఎన్నికయ్యారు. ఎవరి కథ ఆయన రాశారో ఆ జనమే ఆయనకు ఓటేశారు.

తర్వాతి ఏడాదే, 1953 ఆగస్టు 25న, పోయారు. రాజప్రముఖ్ పదవి పోయింది 1956లో, అది ఆయన చూడలేదు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే 1955లో వచ్చింది, అదీ చూడలేదు.

చట్టం ఒక తేదీన అమల్లోకి వస్తది. మనిషి ప్రజ నుంచి పౌరుడు కావడానికి మాత్రం పత్రికలు, సభలు, పుస్తకాలు, పాతికేళ్ల ఓపిక కావాల్సి వచ్చింది. ఈసారి జెండా వందనం అయ్యాక ఆ పుస్తకంలో ఒక్క అధ్యాయమైనా చదవండి. అందులో రాజులకన్నా మన ముత్తాతలే ఎక్కువ కనిపిస్తారు.