విలియం టిండేలును ఇంగ్లీషు నుడికారములును

ఇంగ్లీషు నేర్చుకొను బాలబాలికలకు వ్యాకరణముకంటె నుడికారమే ఎక్కువ చిక్కు పెట్టును. నిఘంటువును ప్రక్కన పెట్టుకొని మాట మాటకు అర్థము వ్రాసికొనినను వాక్యమునకు అర్థము కుదరదు. “ది పవర్స్ దట్ బీ” అను పలుకుబడిని చూడుడు. ఈ నాలుగు మాటలును క్రింది తరగతి పిల్లవానికి సైతము తెలిసినవే. అయినను ఇంగ్లీషువాడు వానిని కలిపి పలికినప్పుడు, పెత్తనము చేతనున్నవారు, మనము అడిగి లాభము లేని పైవారు అని భావము. కొంచెము విసుగు కూడ అందు ధ్వనించును. సెలవు దొరకని గుమాస్తా ఈ మాట అని నిట్టూర్చును. రోమీయులకు వ్రాయబడిన పత్రికను గ్రీకునుండి ఇంగ్లీషు చేయుచు, స్వదేశమున తలదాచుకొనుటకు చోటు లేక పరదేశములు పట్టిన యొకని కలమునుండి ఈ నుడి పుట్టి, 1526వ సంవత్సరమున అచ్చుపడెను. ఆతడే విలియం టిండేలు. అట్టి పైవారి చేతనే ఆతడు తుదకు ప్రాణము కోల్పోయెను.

టిండేలు సుమారు 1494లో ఇంగ్లండు పడమటి భాగమందలి గ్లాస్టరుషైరులో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదివి 1512లో బి.ఏ., 1515లో ఎం.ఏ. పట్టములు పొందెను. పిమ్మట స్వస్థలమునకు మరలివచ్చి సర్ జాన్ వాల్ష్ అను భూస్వామి యింట పిల్లలకు ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ యింటి భోజనపు బల్లయొద్దకు చుట్టుప్రక్కల మఠాధిపతులును పాదిరులును తరచుగా వచ్చుచుండిరి. వారిలో పలువురకు గ్రంథజ్ఞానము బహు కొంచెమని టిండేలు కనుగొనెను. పొలములో నాగలి పట్టు కుర్రవాడు కూడ వారికంటె ఎక్కువగా లేఖనములు ఎరుగునట్లు చేయవలెనని ఆతడు అచ్చటనే పట్టుపట్టెను. ఇది ఆనాడు చిన్న సంకల్పము కాదు. బిషప్పుల అనుమతి లేక బైబిలును ఇంగ్లీషులోనికి మార్చరాదని 1408 నుండి ఆ దేశపు సంఘమున కట్టడి యుండెను. పండితులకు లాటిను భాష. ఇంగ్లీషు సంతలకును వంటయిండ్లకును చాలునని పెక్కుమంది తలంపు.

1523లో ఆతడు లండనుకు పోయి, గ్రీకు పండితుడని పేరుపడిన బిషప్పు టన్‌స్టాలును ఆశ్రయింప జూచెను. తన యింట చోటు లేదని బిషప్పు పంపివేసెను. హంఫ్రీ మన్మత్ అను బట్టల వర్తకుడు కొన్ని నెలలు ఆతనికి అన్నము పెట్టి ఆదరించెను. 1524లో టిండేలు ఓడ యెక్కి జర్మనీ చేరెను. మరల జన్మభూమిని చూచుట ఆతనికి లభింపలేదు.

కొలోను పట్టణమున క్రొత్త నిబంధన అచ్చు ఆరంభమయ్యెను. మత్తయి సువార్త ఇంకను ముగియకమునుపే కొక్లేయుసు అను విరోధి అచ్చుకూటపు పనివారికి సారాయి పోసి గుట్టు లాగెను. అధికారులు వచ్చులోపల టిండేలు అచ్చయిన కాగితములను ఎత్తుకొని రైను నదిపై పడవలో వోర్మ్సు పట్టణమునకు పారిపోయెను. 1526లో పుస్తకము అక్కడ పూర్తియయ్యెను. అరచేతిలో ఇమిడెడి ఆ చిన్న పుస్తకములు బట్టల బేళ్ల నడుమ దాగి ఇంగ్లండు రేవులలో దిగెను. టన్‌స్టాలు దొరికినవానిని లండనులో బహిరంగముగా కాల్పించెను. అంతటితో ఆగక, ఒక వర్తకుని ద్వారా ఆంట్‌వెర్పులో ప్రతులను టోకుగా కొనెననియు, ఆ సొమ్ము చాటుగా టిండేలుకే చేరి తప్పులు దిద్దిన క్రొత్త ముద్రణకు పనికివచ్చెననియు ఆ కాలపు చరిత్రకారుడొకడు వ్రాసియున్నాడు. వోర్మ్సు ప్రతులలో నేటికి మూడు మాత్రమే తెలిసియున్నవి. అందొకదానిని 1994లో బ్రిటిషు గ్రంథాలయము సుమారు పది లక్షల పౌనులిచ్చి కొనెను.

ఇక ఆతని పనితనము సంగతి. లాటినునుండి తెచ్చిన గంభీర పదములకంటె ఒకటి రెండు అక్షరముల ఇంటిమాటలనే ఆతడు ఎంచుకొనెను. అందువలన పలుకులు నాలుకకు సులువై, గ్రంథము విడిచి వీధిలోనికి నడచెను. “ఫైట్ ది గుడ్ ఫైట్” అనునది తిమోతికి వ్రాసిన పత్రికలోనిది; ఇప్పుడు న్యాయమని తోచిన ఏ పనికైనను పట్టు విడువక పాటుపడుటకు వాడుదురు. “ది స్పిరిట్ ఈజ్ విల్లింగ్ బట్ ది ఫ్లెష్ ఈజ్ వీక్” అనునది గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యులను గూర్చినది. నేడు తెల్లవారుజామున నడకకు రమ్మన్నప్పుడు దుప్పటి ముసుగులోనుండి ఇంగ్లీషువాడు దీనినే వేడుకగా పలుకును. మనసున్నది గాని ఒళ్లు లేవదని తాత్పర్యము.

కొన్ని నుడులు దారిలో అర్థము మార్చుకొనినవి. “ఎ లా అన్‌టు దెమ్‌సెల్వ్స్” అని టిండేలు వ్రాసినప్పుడు అది పొగడ్త. ధర్మశాస్త్రము లేకయే స్వభావముచేత ధర్మము నడపువారిని గూర్చి చెప్పినది. ఇప్పుడో, ఎవరి మాటయు వినక తనకు తోచినట్లు చేయువానిని గూర్చి అందురు. మనము ఆడినది ఆట పాడినది పాట అనుచోట సరిగా ఇమిడిపోవును. ఇట్టి తావులలో మూలగ్రంథపు అర్థము పట్టుకొని పరీక్షలో వ్రాసిన పిల్లవానికి మార్కులు రావు, తెలివితక్కువయు కాదు.

ఆతడు వ్రాసినదంతయు ఆతడే పుట్టించినదని చెప్పుట న్యాయము కాదు. “ఇన్ ది ట్వింక్లింగ్ ఆఫ్ యాన్ ఐ” అనునది అంతకు ముందే జనుల నోట నుండెను. మన రెప్పపాటులో అనునది దానికి తోబుట్టువు. “ది సాల్ట్ ఆఫ్ ది ఎర్త్” కూడ పాతదే. ఆడంబరము లేని యోగ్యులను అట్లందురు. మనవారు ఉప్పు తిన్నవాడు అనునది వేరు, అది విశ్వాసమునకు సంబంధించినది; రెంటిని కలుపరాదు. “ది యాపిల్ ఆఫ్ హిజ్ ఐ” అనునదియు పాతదే. పూర్వపు ఇంగ్లీషువారు కంటి నడిమి నల్లని గుండ్రమును పండువంటిదని తలచి యాపిలనిరి. ద్వితీయోపదేశకాండపు హెబ్రీ మూలమున యాపిలు లేదు, కంటిలోని చిన్న మనిషి అను మాట కలదు. మన కంటిపాపలో ఉన్నదియు ఆ బొమ్మవంటి చిన్నదియే గదా! ఈ యొక్క చోట హెబ్రీయుడు ఇంగ్లీషువానికంటె తెలుగువానికి దగ్గర చుట్టము.

ఆ హెబ్రీ భాషను బోధించువారు అప్పటి ఇంగ్లండున దాదాపుగా లేరు. ఐరోపాలో సంచరించుచునే టిండేలు దానిని నేర్చుకొనెను. హెబ్రీ వాక్యపు నడక లాటినుకంటె ఇంగ్లీషునకే చక్కగా అమరునని ఆతని అభిప్రాయము. 1530లో మోషే ఐదు గ్రంథములు అచ్చుపడెను. తమ్ముని చంపిన కయీను తప్పించుకొన జూచిన “మై బ్రదర్స్ కీపర్” అను పలుకు అందులోనిదే. “స్కేప్‌గోట్” అను పదమును ఆతడు అక్కడనే అల్లెను. లేవీయకాండములో రెండు మేకలు కలవు. ఒకటి బలియగును, రెండవదాని తలపై జనుల పాపములు మోపి అడవికి తోలివేయుదురు. హెబ్రీలోని కఠినపదమును వెళ్లిపోవు మేక అని గ్రహించి, తప్పించుకొనుటకును మేకకును ఉన్న ఇంగ్లీషు మాటలను ఆతడు జత చేసెను. ఒకరి తప్పు మోయు నిర్దోషి అని నేటి భావము. తెలుగు పత్రికలు దీనిని బలిపశువు అనుచున్నవి. వాడుక స్థిరపడినది గనుక మనము కాదనలేము గాని, అది నిజమునకు మొదటి మేక.

ఆంట్‌వెర్పులో టిండేలు ఇంగ్లీషు వర్తకుల సత్రమున థామస్ పాయింట్జ్ ఆశ్రయములో ఉండెను. ఆ గడప లోపల ఆతనిని పట్టుకొనుట సుళువు కాదు. 1535లో హెన్రీ ఫిలిప్స్ అను యువకుడు స్నేహము నటించి దగ్గరయ్యెను. తండ్రి యిచ్చిన సొమ్మును జూదములో పోగొట్టుకొనిన వాడతడు. పట్టియిచ్చిన దినమున కూడ టిండేలు చేతనుండి నలుబది షిల్లింగులు అప్పు తీసికొనెనట. భోజనమునకు పోవుచు ఇరుకు సందులో మర్యాదకు ఆతనిని ముందు నడువనిచ్చి, తాను పొడగరి గనుక వెనుకనుండి తలపై వ్రేలు చూపి భటులకు గుర్తు చెప్పెను.

బ్రస్సెల్సు దాపున విల్వోర్డె కోటలో సుమారు పదునారు నెలలు చెర. అక్కడినుండి టిండేలు లాటినులో వ్రాసిన జాబు ఒకటి నిలిచియున్నది. చలికాలము వచ్చుచున్నది, తల జలుబుతో బాధపడుచున్నది, వెచ్చని టోపీ కావలెను, మేజోళ్లకు మాసిక వేయుటకు గుడ్డ కావలెను, సాయంకాలమున చీకటిలో ఒంటరిగా కూర్చుండుట కష్టము గనుక దీపము కావలెను అని అడిగెను. అన్నిటికంటె ముఖ్యముగా వేడినవి హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణము, హెబ్రీ నిఘంటువు. మరణశిక్ష ఎదుటనున్న మనుష్యుడు నిఘంటువు నడిగెను!

1536 అక్టోబరులో ఆతని మెడకు ఉరి బిగించి చంపి, పిమ్మట దేహమును కాల్చిరి. రెండేండ్లు గడచునప్పటికి ప్రతి దేవాలయమునను ఇంగ్లీషు బైబిలు నుంచవలెనని ఇంగ్లండు ప్రభుత్వమే ఆజ్ఞాపించెను. 1611లో జేమ్సు రాజు పండితులు సిద్ధపరచిన బైబిలులోని క్రొత్త నిబంధన మాటలలో నూటికి సుమారు 84 టిండేలువేయని 1998లో ప్రకటింపబడిన పరిశోధన లెక్కించెను.

అంతకు ముందే, 1537లో, జాన్ రోజర్సు అను స్నేహితుడు టిండేలు చెరకు పూర్వము చేసియుంచిన పాత నిబంధన భాగములను కూడ చేర్చి పూర్తి బైబిలు నచ్చొత్తించి రాజానుమతి సంపాదించెను. టిండేలు పేరు కనబడినచో అనుమతి దొరకదు. కావున ముఖపత్రముపై మాథ్యూ అను మారుపేరు వేసిరి. పాత నిబంధన ముగిసిన పుటలో, మలాకీ క్రింద, పూలతీగలతో అలంకరించిన రెండు పెద్ద అక్షరములు మాత్రము అచ్చువేసిరి: డబ్ల్యూ, టీ.