గుండె మీద గొట్టం పెట్టిన వైద్యుడు

ఆయాసమని ఆసుపత్రికి వెళితే డాక్టరు ముందుగా చేసే పని స్టెతస్కోపు పెట్టి చూడటమే. పిల్లికూతలు వినబడితే ఉబ్బసమేమోనని అనుమానిస్తారు. ఆ పరికరాన్ని కనిపెట్టింది ఫ్రాన్స్ వైద్యుడు రెనే లెనెక్.

1781 ఫిబ్రవరి 17న బ్రిటనీ ప్రాంతంలోని కెంపేర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. నాంత్‌లో వైద్యుడైన తండ్రి సోదరుడి దగ్గర పెరిగి, అక్కడే వైద్యంలో ఓనమాలు దిద్దాడు. 1801లో ప్యారిస్ చేరి పెద్ద చదువు చదివాడు.

కాగితం చుట్టతో మొదలు

ఆ రోజుల్లో ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినేవారు. 1816లో ఓ యువతి గుండెజబ్బు లక్షణాలతో వచ్చింది. ఒళ్లున్న మనిషి కావడంతో వేళ్లతో తట్టి చూసినా ఏమీ తెలియలేదు. పరాయి ఆడమనిషి గుండెలపై చెవి పెట్టడం మర్యాద కాదాయె. లెనెక్ కాగితాలను గొట్టంలా చుట్టి ఒక కొన ఆమె ఛాతీపై, రెండోది తన చెవికి ఆనించాడు. గుండె చప్పుడు అంతకుముందెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్కతో అడుగు పొడవు గొట్టం తానే తయారుచేసుకున్నాడు.

అసలు గొప్పదనం గొట్టంలో లేదు. నెకర్ ఆసుపత్రిలో రోగి బతికుండగా విన్న శబ్దాలను రాసిపెట్టుకునేవాడు. చనిపోతే శవపరీక్షలో ఊపిరితిత్తులు చూసి సరిపోల్చేవాడు. అంతవరకు రకరకాల ఆయాసాలకు ఉబ్బసమనే పేరు పెట్టేవారు. క్షయ, న్యుమోనియా, ఎంఫిసీమా దేనికదే వేరని ఆయన విడదీసి చూపాడు. 1819లో అదంతా పుస్తకంగా వచ్చింది.

తన జబ్బూ దొరికింది

ఏళ్ల తరబడి క్షయ రోగుల మధ్య తిరిగిన లెనెక్ చివరికి ఆ జబ్బుకే చిక్కాడు. ఆయన గొట్టంతోనే ఆయన ఛాతీ విన్న బంధువు, డాక్టరు మెరియాదెక్‌కు సంగతి అర్థమైంది. అప్పటికి క్షయకు మందు లేదు. 1826 ఆగస్టు 13న, 45 ఏళ్లకే కన్నుమూశాడు. తన స్టెతస్కోపును మెరియాదెక్‌కే రాసిచ్చాడు.

ఇప్పుడు గొట్టం ఒక్కటే చాలదు

పిల్లికూతలన్నీ ఉబ్బసం కాదు. ఉబ్బసం ఉన్నా పరీక్ష వేళ కూతలు ఉండకపోవచ్చు. అందుకే స్పైరోమీటరులో గట్టిగా ఊదిస్తారు. మందు పీల్చాక మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే అది ఉబ్బసానికి బలమైన ఆధారం. ఒక్కసారి మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. ఆయాసం విపరీతంగా ఉండి కూతలు ఆగిపోతే తగ్గిందని సంబరపడొద్దు. లోపలికి గాలి ఆడటం లేదేమో! వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.