నాలుక రాళ్ళు - స్టెనో కథ

జియాలజీ క్లాసులో స్టెనో పేరు విన్నరోజు నోట్సులో రాసుకుని ఊరుకున్నాను. రెండు మార్కుల ప్రశ్నే కదా అనుకున్నాను. ఆ పేరు వెనక ఒక సొరచేప తల ఉందని తరువాత లైబ్రరీలో తెలిసింది.

అసలు పేరు నీల్స్ స్టెన్సెన్. 1638లో కోపెన్‌హేగెన్‌లో ఒక కంసాలి ఇంట పుట్టాడు. చదివింది వైద్యం. చెవి దగ్గరి లాలాజల గ్రంథి నుండి నోట్లోకి వచ్చే నాళాన్ని 1660లో కనిపెట్టాడు. జువాలజీ మిత్రులు ఇప్పటికీ ఆయన పేరుతోనే దాన్ని బట్టీ పడుతున్నారు.

1666 అక్టోబరులో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలరులకు పెద్ద సొరచేప దొరికింది. టస్కనీ ప్రభువు రెండవ ఫెర్డినాండో దాని తలను ఫ్లారెన్సుకు తెప్పించి, తన ఆశ్రయంలో వున్న స్టెనోకు అప్పగించాడు. కోసి చూస్తే పళ్ళు అచ్చం నాలుక రాళ్ళలాగే వున్నాయి. మాల్టా ద్వీపంలో రాతిలో దొరికే ఈ ముక్కోణపు రాళ్ళను విషానికి విరుగుడని జనం మెళ్ళో కట్టుకునేవారు. ఆకాశం నుండి పడ్డాయని కొందరు, రాతిలోనే మొలిచాయని పండితులు.

ఇవి సొర పళ్ళేనని ఫాబియో కొలొన్నా 1616లోనే చెప్పాడు. కాబట్టి ఆ ఘనతంతా స్టెనోకే కట్టబెట్టడం న్యాయం కాదు. అయితే స్టెనో వాదన చూడండి: రాతిలో పెరిగే వస్తువైతే చెట్టు వేరులా రాతిని చీల్చాలి, తనూ వంకర తిరగాలి. ఈ పళ్ళు అలా లేవు. అంటే అవి చేరినప్పుడు ఆ రాయి మెత్తని బురద. ఒకప్పుడు అక్కడ సముద్రం! రావి వేరు గోడను చీల్చడం చూసిన మా ఊరివాళ్ళెవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఆ ఆలోచనే 1669లో పుస్తకమయింది. అడుగు పొర ముందుది, పై పొర తరువాతది. మా బావి తవ్వేటప్పుడు నేను తట్టలు మోశాను. ఒండ్రు, ఇసుక, బంకమన్ను, మళ్ళీ ఇసుక. ప్రతి ఇసుక పొరా ఒక పాత వరదేనని మా నాన్న ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పాడు.

పూర్తి గ్రంథం తరువాత రాస్తానన్న స్టెనో రాయనే లేదు. 1667లోనే క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు. 1675లో ఫాదిరీ, 1677లో బిషప్పు అయ్యాడు. ఇంత చూసినవాడు ఎలా వదిలేశాడా అని నాకు కోపమొచ్చింది. డిగ్రీ కాగానే చదువు చాలించి సేద్యంలోకి రమ్మని ఇంట్లో అంటున్నారు, అందుకే కాబోలు.

ఉన్నదంతా బీదలకిచ్చి, 1686లో జర్మనీలోని ష్వెరీన్‌లో 48 ఏళ్ళకే పోయాడు. శవాన్ని మళ్ళీ ఫ్లారెన్సుకే తెచ్చి పూడ్చారు, ఆ సొర తల కోసిన ఊరికి.