విల్లు ఎప్పుడు నేరమైంది? వెరియర్ ఎల్విన్ జీవితం అడిగే ప్రశ్న

భద్రాచలం మన్యంలో కొమ్ము నృత్యం చూసినవారు ఆ కొమ్ముల్ని మరిచిపోలేరు. కోయల తలపాగాకు రెండువైపులా అడవి దున్న కొమ్ములు, మెడలో పెద్ద డోలు. శబరి దాటి ఉత్తరానికి వెళితే బస్తర్‌లో దండామి మాడియాలు కూడా అవే కొమ్ములు ధరిస్తారు. అడవి దున్న దాదాపు టన్ను బరువు తూగే జంతువు. గాయపడితే మనిషి మీదికి తిరగబడుతుంది. తుపాకీ లేని కాలంలో దాని ముందు నిలబడినవాడి చేతిలో ఉన్నది వెదురు, నార, ఇనుప ములికి.

ఆ విల్లు ఎప్పుడు నేరమైంది? ఈ ప్రశ్నతో జీవితమంతా ఏదో రూపంలో తలపడిన మనిషి వెరియర్ ఎల్విన్.

1902 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని డోవర్‌లో పుట్టాడు. తండ్రి సియెర్రా లియోన్ బిషప్. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం, వేదాంతం చదివి, క్రైస్తవ సేవకుడిగా 1927లో పుణె వచ్చాడు. వచ్చిన కొద్దికాలానికే గాంధీజీ ప్రభావంలో పడి స్వాతంత్ర్యోద్యమం వైపు నిలిచాడు. 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మండ్లా జిల్లాలోని కరంజియా అనే గోండు పల్లెకు చేరాడు. కొన్నేళ్లకు మతప్రచారం మాని చర్చికి దూరమయ్యాడు. మార్చడానికి వెళ్లినవాడు తానే మారిపోయాడు.

మండ్లా అడవుల్లో అతనికి బైగాలు పరిచయమయ్యారు. నాగలి వేస్తే భూమాత రొమ్ము చీల్చినట్టేనని నమ్మేవారు. అడవి నరికి కాల్చి ఆ బూడిదలో విత్తే బేవర్ సాగు, విలువేట వారి బతుకు. బ్రిటిష్ అటవీ శాఖ 1890లో బేవర్‌ను బైగా చక్ అనే చిన్న ప్రాంతానికి పరిమితం చేసింది. వేటను నిషేధించింది. అదే శాఖ లైసెన్సు ఇచ్చి దొరలకు, రాజులకు పులివేట బంగళాలు తెరిచింది. ఒకే అడవిలో, ఒకే జంతువు మీద, రైఫిల్ పట్టినవాడు షికారీ, విల్లు పట్టినవాడు దొంగ.

ఎల్విన్ 1939లో బైగాల మీద పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒక ప్రతిపాదన పెద్ద దుమారం రేపింది. బైగాల కోసం ఒక నేషనల్ పార్కు లాంటిది ఏర్పాటు చేయాలని, అక్కడ వారికి బేవర్‌తో పాటు వేటాడే, చేపలు పట్టే స్వేచ్ఛ ఉండాలని అతని వాదన. మనుషుల్ని జూలో పెడతాడా అని జాతీయవాదులు మండిపడ్డారు. సామాజిక శాస్త్రవేత్త ఘుర్యే 1943లో పుస్తకమే రాసి ఎదుర్కొన్నాడు. తరువాత ఎల్విన్ కూడా ఆ మాట నుంచి వెనక్కి తగ్గాడు.

1940ల మొదట్లో అతను బస్తర్ సంస్థానానికి వచ్చాడు. గౌరవ జాతిశాస్త్రవేత్త హోదాలో ఇంద్రావతి పరిసరాల్లో మురియాలు, మాడియాల మధ్య తిరిగాడు. అప్పటికి బస్తర్ భూమ్‌కాల్ జరిగి ఒక తరం గడిచింది. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేసి, పోడు, వేట, అటవీ ఫలసాయం ఆపాలని 1905లో ప్రభుత్వం తలపెట్టడమే ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1910లో నేతనార్ గుండాధుర్ పేరుతో ఊరూరికీ మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలతో పాటు వెళ్లిన పిలుపు బాణాలే. తిరుగుబాటు అణిగింది. కానీ రిజర్వు చేయదలచిన అడవి దాదాపు సగానికి తగ్గింది.

బస్తర్‌లో వేట ఒక్కడి సరదా కాదు. పారద్ అనే సామూహిక వేటకు ఊళ్లు కలిసి కదులుతాయి. ముందు దేవతలకు మొక్కు, తరువాత మాంసంలో వాటాలు. ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియా ఘోటుల్ గ్రంథం ఆ సమాజం ఇలాంటి కట్టుబాట్లతో ఎలా నడిచేదో వివరంగా చూపింది. అంతకు ముందు 1943లో కోర్టు రికార్డులు తిరగేసి మాడియాల హత్యలు, ఆత్మహత్యల మీద మరో పుస్తకం రాశాడు. తాను ప్రేమించిన జనంలో హింస లేదని అతను బుకాయించలేదు. దానికి కారణాలు వెతికాడు.

విలువేటను గురించి కూడా అలాగే నిజాయితీగా మాట్లాడాలి. తూటా దెబ్బకు జంతువు కూలుతుంది. బాణం నెత్తురు కార్పించి చంపుతుంది. పెద్ద జంతువైతే గంటల తరబడి పరుగెత్తవచ్చు. గాయంతో తప్పించుకున్న పులి ఊరి మీద పడితే ఆ పాపం వేటగాడిదే. గుంపువేటలో చూలుదని, పిల్లదని చూసేదీ తక్కువే. ఆదివాసీ చేసిందల్లా ధర్మమనడం మరో రకమైన చిన్నచూపు.

అయితే తూకానికి రెండో తట్ట కూడా ఉంది. విల్లు పట్టినవాడు జంతువుకు దగ్గరగా వెళ్లాలి, తన ప్రాణమూ పణంగా పెట్టాలి. ఒక రోజులో చంపగలిగేది బహు స్వల్పం. ఇదే ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా మహారాజు 1,100కు పైగా పులుల్ని చంపినట్టు స్వయంగా చెప్పుకున్నాడు. 1947లో కొరియా రాజు కూల్చిన మూడు చీతాలు మన దేశంలో ఆ జాతికి దాదాపు ఆఖరివి. అవి బాణాలకు పడలేదు. అమెరికాలో శాక్స్‌టన్ పోప్ వంటి డాక్టరు, ఇషి అనే యాహీ ఆదివాసి దగ్గర విలువిద్య నేర్చి ఆఫ్రికా సింహాల దాకా వెళ్లాడు. అతని వెనక రైఫిల్ పట్టిన మిత్రుడు ఉండేవాడు. ఆకలి కోసం ఎక్కుపెట్టిన బాణానికి, సాహసం కోసం ఎక్కుపెట్టిన బాణానికి మధ్య తేడా ఇక్కడే ఉంది.

ఎల్విన్ జీవితంలోనూ మచ్చ ఉంది. 1940లో కోసీ అనే గోండు బాలికను పెళ్లాడాడు. తొమ్మిదేళ్లకు విడాకులిచ్చాడు. అతను కీర్తి గడించాడు, ఆమె పేదరికంలో మిగిలింది. ఆదివాసీల తరఫున అంతగా మాట్లాడిన కలం ఆమె విషయంలో న్యాయం చేయలేదు.

తరువాత అతను ఒడిశా కొండల్లో బోండాలను, మన గిడుగు రామమూర్తి పంతులు భాష నేర్చిన సవరలను అధ్యయనం చేశాడు. 1954లో భారత పౌరుడయ్యాడు. నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో గిరిజన సలహాదారుగా పనిచేశాడు. నెహ్రూ గిరిజన విధానం మీద అతని ముద్ర ఉంది. 1961లో పద్మభూషణ్ అందుకున్నాడు. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆత్మకథకు మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

చరిత్ర మాత్రం ఒక చిత్రమైన మలుపు తిరిగింది. మండ్లాలో నేషనల్ పార్కు నిలిచింది, బైగాల కోసం కాదు, పులుల కోసం. కాన్హా నుంచి బైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. బస్తర్‌లో ఇంద్రావతి టైగర్ రిజర్వు వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాజుల రైఫిల్‌నూ మాడియాల విల్లునూ ఒకే కలంపోటుతో ఆపింది. నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కును మాత్రమే ప్రత్యేకంగా మినహాయించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఎన్నో హక్కులు తిరిగి ఇచ్చినా వేటను స్పష్టంగా పక్కన పెట్టింది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి బర్రె ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేంతగా మిగిలింది. ఈ స్థితిలో పెద్ద జంతువుల మీద బాణం వేసే స్వేచ్ఛ అడగడం సాధ్యం కాదు, అడగకూడదు కూడా. కానీ నిషేధం అందరికీ ఒకటే అయినా, అది అవసరమయ్యే స్థితి తెచ్చినవారు అందరూ కారు. దొరలు, రాజులు ట్రోఫీలు గోడలకు తగిలించి వెళ్లిపోయారు. ఊరు ఖాళీ చేసింది బైగా. విల్లు దాచుకున్నది మాడియా.

అడవి దున్నను చంపడం నేరం కనుక కొమ్ము నృత్యానికి కొత్త కొమ్ములు న్యాయంగా దొరకవు. ఉన్నవి తాతల నాటివి. పండగ అయ్యాక వాటిని తుడిచి భద్రంగా దాచుకునే కోయల్ని, మాడియాల్ని అడవి కాపాడుకోవడంలో భాగస్వాముల్ని చేస్తామా, అనుమానితులుగానే చూస్తామా అన్నది ఎల్విన్ మనకు వదిలి వెళ్లిన బాకీ.