మిచూరిన్ పండ్లతోట

రష్యాలో శీతకాలం చాలా దీర్ఘమైనది. నెలల తరబడి నేల మంచుతో కప్పబడి ఉంటుంది. వెచ్చని సీమల తీయని పండ్ల చెట్లు ఆ చలికి తట్టుకోలేవు. అటువంటి నేలలో మేలైన పండ్లు పండించాలని జీవితమంతా శ్రమించిన తోటమాలి ఇవాన్ మిచూరిన్.

ఆయన 1855లో ర్యజాన్ ప్రాంతంలో జన్మించారు. చదువు మధ్యలో ఆగిపోయింది. 1872లో కొజ్లోవ్ పట్టణంలో రైల్వే గుమాస్తాగా చేరారు. 1875లో పాడుపడిన చిన్న తోటను నెలకు 3 రూబుళ్ల అద్దెకు తీసుకున్నారు. జీతం చాలక గడియారాలు బాగుచేసి, ఆ డబ్బుతో మొక్కలు, విత్తనాలు కొన్నారు.

మొదట దక్షిణాది చెట్ల కొమ్మలను, చలికి ఓర్చే మొక్కలకు అంటుకట్టారు. కఠినమైన చలికి అవి చనిపోయాయి. ఏళ్ల శ్రమ వృథా అయింది. అయినా ఆయన నిరాశ చెందలేదు. రెండు జాతులను కలిపి, విత్తనం నుండే కొత్త మొక్కను పెంచాలని నిశ్చయించుకున్నారు.

మొగ్గ విచ్చుకోకముందే అందులోని కేసరాలను తొలగించేవారు. తేనెటీగలు వేరే పుప్పొడి తేకుండా పలుచని గుడ్డసంచి కట్టేవారు. తరువాత తాము కోరిన చెట్టు పుప్పొడిని కీలాగ్రానికి అద్దేవారు.

చలికి ఓర్చే పొట్టి అడవి బాదంను పీచ్ చెట్టుతో కలపబోతే కుదరలేదు. అప్పుడు ఆ బాదంను డేవిడ్ పీచ్ అనే అడవి రకంతో కలిపారు. అలా పుట్టిన మొక్కకు మధ్యవర్తి అని పేరు పెట్టారు. అసలు పీచ్‌తో కలపడానికి దానిని వాడుకున్నారు.

1888లో ఊరికి 7 కిలోమీటర్ల దూరాన కొంత భూమి కొన్నారు. బండి బాడుగకు డబ్బు లేక, ఇంటిల్లిపాదీ మొక్కలను భుజాలపై మోసుకుపోయారు. సారవంతమైన నేల మొక్కలను సుకుమారంగా మారుస్తున్నదని తోచి, కొన్నేళ్లకు తోటనంతా నదీతీరపు నిస్సారమైన నేలకు మార్చారు. అక్కడ 1903లో ఉస్సూరి బేరి పూలకు దక్షిణాది బేరి పుప్పొడి అద్దారు. చలిని తట్టుకొనే, చాలాకాలం నిలువ ఉండే బేరిపండు లభించింది.

1917 విప్లవం తరువాత ప్రభుత్వం ఆయనకు అండగా నిలిచింది. 1932లో కొజ్లోవ్‌కు మిచూరిన్స్క్ అని పేరు పెట్టారు. 1935లో ఆయన కన్నుమూశారు.

ఆయన సిద్ధాంతాలలో కొన్నింటిని తరువాతి శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. కాని ఆయన పెంచిన రకాలు చలిసీమలో పండ్లతోటలకు దారి చూపాయి. చిన్న తోటలో మొదలైన ప్రయత్నమైనా, ఓర్పు తోడైతే ఒక దేశానికి మేలు చేయగలదు.