జేమ్స్ స్టార్లీ

జేమ్స్ స్టార్లీ (1830 ఏప్రిల్ 21 - 1881 జూన్ 17) ఇంగ్లాండు దేశానికి చెందిన యంత్ర నిర్మాత, ఆవిష్కర్త. బ్రిటన్ సైకిలు పరిశ్రమకు పితామహునిగా ప్రసిద్ధి చెందాడు. 1877లో మూడుచక్రాల సైకిలు కొరకు ఈయన రూపొందించిన డిఫరెన్షియల్ గేరు సూత్రమే తరువాతి కాలంలో మోటారు కార్ల వెనుక ఇరుసుకు ఆధారమైంది.

తొలి జీవితం

స్టార్లీ ససెక్స్ ప్రాంతంలోని ఆల్బోర్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులోనే పొలం పనులలో చేరాడు. యుక్తవయసులో ఇల్లు విడిచి లండన్ సమీపంలోని లూయిషామ్ చేరి తోటమాలిగా కుదిరాడు. తీరిక వేళలలో గడియారాలు బాగుచేసేవాడు. ఓడల ఇంజన్ల తయారీలో పేరుపొందిన జాన్ పెన్ ఇంట్లో పనిచేస్తున్నపుడు, చెడిపోయిన కుట్టుమిషనును సరిచేసి యజమాని మెప్పు పొందాడు. పెన్ సిఫారసుతో కుట్టుమిషన్ల కర్మాగారంలో ఉద్యోగం లభించింది. 1861లో జోసయా టర్నర్‌తో కలిసి కోవెంట్రీ నగరానికి వెళ్ళి అక్కడ కుట్టుమిషన్ల తయారీ ప్రారంభించాడు.

సైకిళ్ళ తయారీ

1868లో టర్నర్ బంధువు ఫ్రాన్సు నుండి ఒక సైకిలును కోవెంట్రీకి తెచ్చాడు. దానితో సంస్థ సైకిళ్ళ తయారీకి మళ్ళింది. విలియం హిల్‌మన్‌తో కలిసి స్టార్లీ రూపొందించిన ఏరియల్ సైకిలులో బరువైన కొయ్య చువ్వలకు బదులు సన్నని తీగ స్పోకులు ఉండేవి. 1874లో స్పోకులను ఇరుసు కేంద్రం నుండి నేరుగా కాక ఏటవాలుగా అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. త్రొక్కినపుడు కలిగే మెలితిప్పు బలాన్ని ఈ అమరిక బాగా తట్టుకుంటుంది. నేటికీ సైకిలు చక్రాలలో ఈ పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది.

డిఫరెన్షియల్ గేరు

ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుని, చెరొక చక్రాన్ని త్రొక్కే వాహనాన్ని స్టార్లీ తన కుమారుడు విలియంతో కలిసి పరీక్షించాడు. కుమారుని బలం ఎక్కువ కావడంతో బండి ప్రక్కకు లాగి తండ్రిని దురదమొక్కల పొదలో పడవేసిందని చెబుతారు. రెండు చక్రాలను ఒకే ఇరుసుకు బిగిస్తే ఈ లోపం పోతుంది కాని మరొకటి వస్తుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. బిగించిన ఇరుసు అందుకు వీలివ్వదు. ఇరుసు మధ్య పళ్ళచక్రాలను అమర్చి, బలం రెండు చక్రాలకూ సమానంగా అందుతూనే వేగాలు వేరుగా ఉండగలిగేలా ఆయన ఈ చిక్కును పరిష్కరించాడు. ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెకూర్ 1820ల చివరలోనే ఆవిరి బండి కొరకు ఇటువంటి అమరికను రూపొందించాడు. అయితే దీనిని సామాన్య వాహనాలలో వ్యాప్తిలోకి తెచ్చినది స్టార్లీ. డిఫరెన్షియల్ గల ఆయన సాల్వో మూడుచక్రాల సైకిళ్ళను 1881లో విక్టోరియా మహారాణి కొనుగోలు చేసింది.

మోటారు వాహనాలలో

వెనుక చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్‌ను పెద్ద క్రౌన్ చక్రానికి బిగిస్తారు. దానిని చిన్న పినియన్ త్రిప్పుతుంది. వీటి పళ్ళ సంఖ్యల నిష్పత్తే ఇరుసు గేరు నిష్పత్తి. 1960లనాటి అమెరికా మజిల్ కార్లను బాగుచేసే అభిరుచి గలవారు తరచుగా మార్చేది దీనినే. 40 పళ్ళ క్రౌన్, 13 పళ్ళ పినియన్ ఉంటే నిష్పత్తి సుమారు 3.08, 41, 10 పళ్ళు ఉంటే 4.10. రెండవ దానిలో చక్రాలకు అందే మెలితిప్పు బలం దాదాపు మూడోవంతు పెరుగుతుంది. కారు త్వరగా వేగం పుంజుకుంటుంది. కాని అదే వేగానికి ఇంజను అంతే నిష్పత్తిలో ఎక్కువగా తిరగాలి కనుక, దూరప్రయాణాలలో శబ్దం, ఇంధన ఖర్చు పెరుగుతాయి.

సాధారణ డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది. ఒక చక్రం జారితే రెండవ దానికి కూడా అంతే స్వల్ప బలం అందుతుంది. శక్తివంతమైన కార్లలో లోపల క్లచ్ పలకలు గల పరిమిత జారుడు డిఫరెన్షియల్ వాడడానికి కారణం ఇదే.

మరణం, స్మారకం

స్టార్లీ 1881లో కోవెంట్రీలో మరణించాడు. 1884లో ఆ నగరంలో ఆయన స్మారకాన్ని నెలకొల్పారు. ఆయన సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సేఫ్టీ సైకిలును తయారుచేశాడు. రోవర్, హిల్‌మన్ పేర్లు రెండూ తరువాత కార్ల పేర్లుగా ప్రసిద్ధి పొందాయి.